తోతాపురి లెక్కలో ఒక బీపీటీ సీటు

ఆయనది దామలచెరువు పక్కన పల్లె. భార్య మోకాలి నొప్పికి వారానికి రెండు సిట్టింగుల చొప్పున మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి తీసుకొచ్చేవారు. ఆమెకు ఎక్సర్‌సైజులు చేయిస్తున్నంతసేపూ బయట బెంచీ మీద మౌనంగా కూర్చునే మనిషి, ఒకరోజు నా ముందుకొచ్చి ప్లాస్టిక్ కవర్లోంచి రెండు రంగురంగుల పుస్తకాలు తీశారు.

"మేడమ్, మా పాపకి బైపీసీ అయిపోయింది. నీట్‌లో రాలేదు. మీ చదువు చదివిద్దామనుకుంటా ఉండాం. ఈ రెండిట్లో ఏది మంచిదో మీరే చెప్పాల."

రెండూ బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ చెప్పే కాలేజీలవి. ఒకటి పెద్ద సిటీలో ఉన్న కాలేజీ. ఫీజు ఏడాదికి రెండున్నర లక్షలు, హాస్టల్ వేరే. రెండోది బస్సులో పోయి రాగలిగినంత దూరంలోది, ఏడాదికి 75 వేలు. నేను పుస్తకాలు తిరగేస్తుండగానే ఆయన తన లెక్క తాను చెప్పారు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు ఖాయం చేసింది గదా, ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. ఆ 12 లెక్కనే చూసినా నాలుగేళ్ల ఫీజు పది లక్షలంటే 83 టన్నుల కాయ. ఆయనకున్నది మూడెకరాల తోట. బాగా కాసిన ఏడాది పదిహేను టన్నులు. మందులు, కోత కూలీలు, ట్రాక్టర్ బాడుగ ఏవీ తీసేయకుండానే అయిదారేళ్ల పంట మొత్తం కూతురి ఫీజుకే పోతుంది.

"అయినా పర్వాలేదు మేడమ్, పేరున్న కాలేజీ అయితే పాప నిలబడతాది గదా" అన్నారు.

ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక కూడా అదే తొలుస్తూ ఉంది. ఆయనకు చెప్పాల్సిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఆయనలాంటి తల్లిదండ్రులు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫిజియోథెరపీ కాలేజీని ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది కాలేజీ పేరు కాదు, చదువు అయ్యాక వచ్చే మొదటి జీతం. ఆ జీతంలో మూడో వంతు దాటే కిస్తీ కట్టాల్సి వచ్చే అప్పు ఈ చదువుకి చేయకూడదు. ఇది ఇంటి బడ్జెట్ కోసం మాత్రమే చెప్పడం లేదు. అప్పు ఎక్కువైతే చివరికి ఆ భారం మంచం మీద పడుకున్న పేషెంటు మోయాల్సి వస్తుంది. అది ఎలాగో నా అనుభవంతోనే చెప్తాను. అంతకంటే ముందు లెక్క చూడాలి.

కిస్తీ ఎంత, జీతం ఎంత

తిరుపతిలో ఫిజియోథెరపిస్టుకి పని లేదని ఎవరూ అనలేరు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మొక్కు ఉందని మోకాళ్ల పర్వతం నిజంగానే మోకాళ్ల మీద ఎక్కి, వారం తర్వాత కుంటుకుంటూ మా దగ్గరికి వచ్చేవాళ్లు ప్రతి నెలా ఉంటారు. టీటీడీ ఎముకల ఆసుపత్రి బర్డ్‌లో ఆపరేషన్ అయినవాళ్లు, స్విమ్స్ ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయిన పక్షవాతం పేషెంట్లు ఇంటికెళ్లాక నెలల తరబడి ఫిజియోథెరపీ చేయించుకోవాలి. పని ఉంది. జీతమే లేదు. బీపీటీ అయిన పిల్లలు ఉద్యోగం కోసం నా దగ్గరికి వస్తుంటారు కదా, వాళ్లకు బయట ఎంత ఇస్తామంటున్నారో అడుగుతుంటాను. తిరుపతిలో, చిత్తూరులో 12 వేల నుంచి 18 వేల మధ్య చెప్తారు. నేను మా క్లినిక్‌లో చేరిన అమ్మాయికి 15 వేలు ఇస్తున్నాను. ఇంకా ఇవ్వాలని ఉంటుంది. సిట్టింగ్‌కి 250 రూపాయలంటేనే "కాళ్లు పిసికేదానికి ఇంతనా" అనే మనుషుల మధ్య అంతకు మించి నాకూ సాధ్యం కావడం లేదు.

ఇప్పుడు ఆ పది లక్షల సంగతి. నేను చదివినప్పుడు బీపీటీ నాలుగున్నరేళ్లు. 2025లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్లయింది. బ్యాంకులో చదువు అప్పుకి మామూలుగా కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది కిస్తీ అడగరు. అంటే ఆరేళ్లు. కిస్తీ అడగరు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏటా రెండున్నర లక్షల చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారనుకోండి. పదిన్నర శాతం మామూలు వడ్డీ వేసుకున్నా ఆరేళ్లు పూర్తయ్యేసరికి 4 లక్షల 72 వేల వడ్డీ చేరుతుంది. పది లక్షలు 14 లక్షల 72 వేలు అయ్యాకే మొదటి కిస్తీ మొదలవుతుంది. పదిహేనేళ్లలో తీర్చేలా పెట్టుకుంటే నెలకి సుమారు 16,300. పదేళ్లలో అయితే దాదాపు 19,900.

జీతం 15 వేలు. కిస్తీ 16,300.

హాస్టల్ ఖర్చు ఇందులో లేదు. పైగా ఏడున్నర లక్షలు దాటిన అప్పుకి బ్యాంకులు ఆస్తి హామీ అడుగుతాయి. ఆ మూడెకరాల పాస్‌బుక్ బ్యాంకు బీరువాలోకి పోతుంది. రెండో కాలేజీకి మూడు లక్షల అప్పు చేస్తే అదే లెక్కన పదేళ్ల కిస్తీ ఆరు వేల లోపు. నాలుగు లక్షల లోపు అప్పుకి హామీ గొడవ కూడా ఉండదు. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే చదువుకునే కాలానికి వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. ఆ కాలేజీ దానికి అర్హతలో ఉందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి. ఉంటే కిస్తీ నాలుగు వేల చిల్లరకు దిగుతుంది. పదిహేను వేల జీతంలో ఆరు వేలు కూడా నేను చెప్పిన మూడో వంతుకు కాస్త ఎక్కువే. నాలుగు వేలైతే ఊపిరి ఆడుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందిగా అని కొందరు అంటారు. వస్తే మంచిదే. కానీ అది ఆలస్యమైన ఏళ్లలో ఫీజు కట్టి తీరాలని పిల్లల్ని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబెట్టిన కాలేజీలు నాకు తెలుసు. సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపినవీ తెలుసు. దాన్ని నమ్ముకుని పెద్ద ఫీజున్న కాలేజీలో చేరకండి.

ఆ మాస్టారు భుజం

నేను 2008లో బీపీటీలో చేరాను. మా నాన్న ఆర్టీసీ కండక్టర్. బ్యాంకులో రెండు లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి ఒక లక్ష తెచ్చారు. 2013లో ఉద్యోగంలో చేరినప్పుడు నా జీతం 7,000. కొన్ని నెలలకే కిస్తీలు మొదలయ్యాయి. బ్యాంకుకి 4,250, బయటి అప్పుకి వడ్డీ 2,000. చేతిలో మిగిలేది 750 రూపాయలు.

ఆ క్లినిక్‌లో రోజుకి నలభై మందికి తక్కువ కాకుండా వచ్చేవారు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. ఓనరు గారి లెక్క మిషన్ల మీద నడిచేది. ఐఎఫ్‌టీ అనే కరెంటు మిషన్‌కి ఇంత, అల్ట్రాసౌండ్‌కి ఇంత, ట్రాక్షన్‌కి ఇంత అని బోర్డు. చేత్తో చేయించే ఎక్సర్‌సైజుకి ఆ బోర్డులో చోటు లేదు. సాయంత్రం అయిదింటికి అక్కడ దిగిపోయి, స్కూటీ మీద ఊరంతా తిరుగుతూ అయిదు హోమ్ విజిట్లు చేసేదాన్ని. రాత్రి పదింటికి ఇల్లు. ఆ డబ్బు లేకపోతే నెల గడవదు.

అప్పుడే ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. షుగరు ఉంది, కుడి భుజం బిగుసుకుపోయింది. ఫ్రోజెన్ షోల్డర్. దానికి ఏం చేయాలో నాకు తెలుసు. రోజూ కాసేపు కూర్చోబెట్టి భుజాన్ని నెమ్మదిగా కదిలించాలి, ఇంట్లో గోడ మీద వేళ్లు పాకించడం, కర్ర పట్టుకుని చేతిని ఎత్తడం నేర్పాలి, నేర్పినవి చేస్తున్నారో లేదో మర్నాడు అడగాలి. దానికి అరగంట కావాలి. నా దగ్గర అరగంట లేదు. ఓపిక అంతకన్నా లేదు. 21 రోజులు ఆయనకి మిషన్ పెట్టాను. ఎక్సర్‌సైజులు రాసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపాను.

చివరిరోజు ఆయన చొక్కా గుండీలు పెట్టుకోలేక అవస్థ పడుతూ, "అమ్మా, ఈ మిషన్ ఇంట్లోకి కొనుక్కుంటే ఎంతవుతుంది?" అని అడిగారు. నయం చేసేది మిషనే అని ఆయన నమ్మారు. అలా నమ్మేలా 21 రోజులు నడిపింది నేను. ఆయన చేయి అప్పటికీ భుజం ఎత్తుకి కూడా లేవలేదు.

ఆ రోజు తప్పంతా ఓనరుదే అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత, కిస్తీలు తీరిపోయాక, ఆ ఉద్యోగం ఎందుకు వదల్లేకపోయానని ఆలోచిస్తే అర్థమైంది. నెల నెలా ఆరు వేలు కట్టాల్సినవాళ్లు "ఇలా చేయను సార్" అనలేరు. రోజుకి నలభై మందిని చూడమంటే చూస్తారు. అవసరం లేని మరో పది సిట్టింగులు రాయమంటే రాస్తారు. ఈ వృత్తికి పెట్టుబడి టైమ్. అప్పు మొదట తినేసేది దాన్నే. నా అప్పు మూడు లక్షలే. పదిహేను లక్షలతో బయటికొచ్చే పాప ఎలాంటి ఫిజియో అవుతుందోనని నాకు నిజంగా భయంగా ఉంది.

ఇంత గట్టిగా చెప్తున్నా, నాకూ ఒక సందేహం

నేను చదివింది చవక కాలేజీలోనే. సొంత ఆసుపత్రి లేదు. వారానికి రెండుసార్లు బస్సులో ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. ఒక్క మంచం చుట్టూ ముప్పై మందిమి. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా మార్చాలో నేను మొదటిసారి నా చేతులతో చేసింది ఇంటర్న్‌షిప్‌లో. కాబట్టి చవకైతే చాలు అని నేను అనలేను. అలా అంటే అబద్ధమవుతుంది. పేషెంట్లు లేని కాలేజీకి ఇచ్చే 75 వేలు కూడా దండగే.

సొంత ఆసుపత్రి ఉండి, రోజూ వందలమంది వచ్చే చోట చదివితే ఆ తేడా చేతుల్లో కనిపిస్తుంది. స్విమ్స్ ఫిజియోథెరపీ కాలేజీలో సీటొస్తే, వేలూరు సీఎంసీలో వస్తే ఇంకేమీ ఆలోచించొద్దని ఎవరికైనా చెప్తాను. అక్కడ పిల్లలకి పేషెంట్ల కొదవ లేదు. కానీ అలాంటి చోట్ల సీట్లు కొద్ది. అవి రానివాళ్ల ముందే ఈ రంగురంగుల పుస్తకాలు పరిచి ఉంటాయి. ఫీజు ఎక్కువ కాబట్టి ఆసుపత్రి బాగుంటుంది అనుకోవడమే అసలు పొరపాటు. ఆ పెద్ద కాలేజీ పుస్తకంలో ఏసీ లైబ్రరీ ఉంది, స్విమ్మింగ్ పూల్ ఉంది, విదేశీ యూనివర్సిటీతో ఒప్పందం మీద సంతకాలు పెడుతున్న ఫొటో ఉంది. ఓపీకి రోజూ ఎంతమంది వస్తారన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు.

ఇంకో మాట కూడా ఆ నాయన అడిగారు. "పేరు ముందర డాక్టర్ అని వస్తాది గదా మేడమ్?" కాలేజీలవాళ్లు ఈ ఆశ బాగా అమ్ముతున్నారు. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఫిజియోథెరపిస్టులు ఆ మాట వాడకూడదని ఉత్తరం ఇచ్చి, మర్నాడే వెనక్కి తీసుకుంది. మా వృత్తి గౌరవం విషయంలో నాకూ గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, అవి వేరే రోజు రాస్తాను. ఆ రెండక్షరాల కోసం తోట తాకట్టు పెట్టొద్దని మాత్రం ఆయనకి చెప్పాను.

నా వాదనకి అడ్డం వచ్చే మనిషి కూడా ఉంది. నా జూనియర్ ఒకమ్మాయి. ఖరీదైన కాలేజీలోనే చదివింది, తర్వాత బ్రిటన్ వెళ్లి అక్కడ ఫిజియోలకు గుర్తింపు ఇచ్చే హెచ్‌సీపీసీలో రిజిస్టర్ చేయించుకుంది, మూడేళ్లలో అప్పు మొత్తం తీర్చేసింది. "అక్కా, నువ్వు పిల్లల్ని భయపెడుతున్నావు" అంటుంది. తన మాట కొట్టిపారేయను. కానీ తన బ్యాచ్‌లో అలా వెళ్లింది ఎంతమందని అడిగితే నలుగురి పేర్లు చెప్పింది. క్లాసులో అరవై మంది. మిగతా యాభై ఆరు మంది కిస్తీలు ఎవరి జీతాల్లోంచి పోతున్నాయి?

డల్లాస్ నుంచి వచ్చిన ఫోన్

ఇదే నెలలో మా పెదనాన్న కొడుకు డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ల అమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది, ఫిజికల్ థెరపీలో చేరబోతోంది. అక్కడ దారి వేరు. నాలుగేళ్ల డిగ్రీ అయ్యాక డీపీటీ అనే మూడేళ్ల ఫిజికల్ థెరపీ డాక్టరేట్ చేయాలి. 2016 నుంచి అక్కడ గుర్తింపున్న కోర్సులన్నీ డాక్టరేట్ స్థాయివే. అమ్మాయికి రెండు చోట్ల సీటొచ్చింది. ప్రైవేటు యూనివర్సిటీలో మొత్తం లక్షన్నర డాలర్లు, సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలో అరవై వేలు. పిల్ల ప్రైవేటుది కావాలంటోంది. అన్నకి నిద్ర పట్టడం లేదు.

అతని భయం ఉత్తది కాదు. అమెరికా ఫిజికల్ థెరపీ సంఘమే 2020లో తమ వాళ్ల అప్పుల మీద ఒక నివేదిక తెచ్చింది. డీపీటీ కోసం చేసిన అప్పు సగటున లక్ష డాలర్లు దాటిందని అందులో ఉంది. అక్కడి కార్మిక శాఖ లెక్కలో 2024లో ఫిజికల్ థెరపిస్టు మధ్యస్థ జీతం ఏడాదికి 1,01,020 డాలర్లు. దానికి తోడు 2025లో చేసిన చట్టంతో గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ రుణం 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి ఉండదు. పెద్ద రుణ పరిమితి ఇచ్చే 'ప్రొఫెషనల్' కోర్సుల్లో ఫిజికల్ థెరపీని చేర్చకుండా వాళ్ల విద్యాశాఖ నిర్వచనం ప్రతిపాదించింది. అదే ఉంటే మొత్తం మీద లక్ష డాలర్లకు మించి ప్రభుత్వ అప్పు పుట్టదు, మిగతాది ప్రైవేటు బ్యాంకుల దగ్గరే తేవాలి.

నేను అన్నని ఒక్కటే అడిగాను. రెండు చోట్ల చదివినవాళ్లూ రాసేది ఒకటే లైసెన్స్ పరీక్ష కదా? అవునన్నాడు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ప్రైవేటులో చదివిన పిల్లకి ఎక్కువిస్తారా? తనకు తెలిసిన ఇద్దరు థెరపిస్టులని కనుక్కుని, లేదన్నాడు. అలాంటప్పుడు ఆ తొంభై వేల డాలర్లు దేనికో అమ్మాయినే చెప్పమను అన్నాను.

ఫోన్ పెట్టేశాక నాకు తట్టింది. అక్కడ ఏడాది జీతానికి ఒకటిన్నర రెట్లు అప్పంటే ఒక తండ్రి నిద్రపోవడం లేదు. అక్కడ బతకడానికి ఖర్చెక్కువ, నిజమే. మన దగ్గర ఏడాది జీతం లక్షా ఎనభై వేలు, అప్పు 14 లక్షల 72 వేలు. ఎనిమిది రెట్లు. సీటొచ్చిందని మనం స్వీట్లు పంచుతాం.

పది గంటలకు ఓపీలో

తర్వాతి సిట్టింగ్‌కి ఆయన పాపని కూడా తీసుకొచ్చారు. సన్నగా, గట్టిగా ఉంది. అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్తుంది. ఆ రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నా పక్కన నిలబడి చూడమన్నాను. ఒక పెద్దాయనని వాకర్‌తో నడిపిస్తుంటే తనంతట తానే వెళ్లి రెండో వైపు చేయి పట్టుకుంది. ఈ చదువుకి ఇష్టపడి కాకుండా, నీట్‌లో రాక వస్తోందేమో అనుకున్నాను. ఆ అనుమానం కొంత పోయింది.

కిస్తీ లెక్క కాగితం మీద వేసి నాయనకు కాకుండా పాపకిచ్చాను. కట్టాల్సింది తనే. నా దృష్టిలో ఈ లెక్క పిల్లలకి దాచడం మన ఇళ్లలో జరిగే పెద్ద తప్పు. "నువ్వు చదువుకో, డబ్బు సంగతి మేం చూసుకుంటాం" అని మా నాన్న కూడా అన్నారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష సంగతి నాకు ఫైనలియర్‌లో తెలిసింది. ముందే తెలిసుంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు, కానీ తెలిసి ఉండాల్సింది.

పాపకి ఒక పని చెప్పాను. రెండు కాలేజీలకీ నాయనతో కలిసి వెళ్లు. అడ్మిషన్ ఆఫీసుకి కాదు, పని రోజున పొద్దున పదింటికి ఫిజియోథెరపీ ఓపీకి. ఒక గంట కూర్చుని లెక్కపెట్టు. పేషెంట్లు ఎంతమంది, వాళ్ల చుట్టూ పిల్లలు ఎంతమంది, చేతులు వేసి పని చేస్తున్నది ఎంతమంది, కేవలం చూస్తున్నది ఎంతమంది. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఇస్తారా, పోయినేడు బయటికొచ్చినవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఎంతకి పని చేస్తున్నారో అడుగు.

పోయిన వారం ఫోన్ చేసింది. పెద్ద కాలేజీలో గంటలో 26 మంది పేషెంట్లు, చుట్టూ అరవై మంది దాకా పిల్లలు. దగ్గరి కాలేజీలో 11 మంది పేషెంట్లు, ఇరవై మంది పిల్లలు. "ఒక్కో స్టూడెంట్‌కి లెక్కేస్తే ఇక్కడే కొంచెం ఎక్కువ పడతా ఉంది మేడమ్, కానీ పక్షవాతం కేసులు ఇక్కడ ఒక్కటీ లేవు" అంది. ఆ రెండో మాట నేను చెప్పి పంపింది కాదు, తనే గమనించింది. నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. దగ్గరి కాలేజీకే పొమ్మని చెప్పేద్దామని సిద్ధంగా ఉన్నాను మరి. పక్షవాతం పేషెంట్లని చూడకుండా నాలుగేళ్లు చదివితే నాలాగే ఇంటర్న్‌షిప్‌లో మొదటిసారి వణికే చేతులతో పట్టుకోవాలి.

స్టైపెండ్ సంగతి అడిగావా అన్నాను.

"రెండు చోట్లా అడిగినా మేడమ్. ఇక్కడ ఇవ్వమని చెప్పేసినారు. పెద్ద కాలేజీలో అక్కడి ఆయన నాకేం చెప్పలేదు, మా నాయన వైపు తిరిగి పాప బాగా మాట్లాడతాది అన్నారు."

"మీ నాయన ఏమన్నారు?"

"అడిగినదానికి చెప్పండి సార్ అన్నాడు."

సోమవారం ఇద్దరూ బ్యాంకుకి పోతున్నారట. ఆ వడ్డీ పథకం దగ్గరి కాలేజీకి వర్తిస్తుందో లేదో కనుక్కుని, మధ్యాహ్నం అమ్మ సిట్టింగ్‌కి వచ్చేటప్పుడు చెప్తానంది. ఆ లోపు నేను స్విమ్స్‌లో, బర్డ్‌లో నాకు తెలిసినవాళ్లకి ఫోన్ చేస్తున్నాను, బయటి కాలేజీ పిల్లలు సెలవుల్లో వచ్చి పక్షవాతం కేసులు చూసే వీలుందేమోనని.